మైసూరులో మూడు రాత్రులు: ఏ రోజు ఏం చూడాలి, ఎక్కడ తినాలి, డబ్బు ఎక్కడ మిగులుతుంది

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్ నుంచి మీ దంపతులు, పదకొండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తయ్యగారు, మొత్తం ఐదుగురు. శుక్రవారం సాయంత్రం కాచిగూడలో రైలెక్కి శనివారం మైసూరులో దిగి, మూడు రాత్రులుండి మంగళవారం తిరుగు ప్రయాణం. జూ ఒక్కటి చివరి రోజుకి పెట్టుకున్నారు. తిండి బాగుండాలి, ముఖ్యమైనవి చూడాలి, ఖర్చు మాత్రం చేయి దాటకూడదు.

నేను ఉద్యోగరీత్యా మైసూరులో ఏడేళ్లు ఉన్నాను. ఆ ఏడేళ్లలో మా ఇంటికి వచ్చిన చుట్టాల్ని, స్నేహితుల్ని తిప్పే పని నాదే. అందుకే మీ ప్లాన్ చదవగానే మొదట కంటపడింది మంగళవారం. మైసూరు జూకి వారాంతపు సెలవు మంగళవారమే. పిల్లల్ని చివరి రోజు అక్కడికి తీసుకెళ్తే మూసిన గేటు దగ్గర నిలబడాలి. గేటు ముందు ఏడ్చిన పిల్లల్ని నేను కళ్లారా చూశాను. పండగ సెలవు మంగళవారం వస్తే తెరుస్తారు గానీ దాన్ని నమ్ముకుని టికెట్లు తీసుకోకండి.

మీ ప్లాన్‌లో మార్చాల్సింది ఒక్కటే, ఒక రోజు వెనక్కి జరపండి. శనివారం సాయంత్రం రైలెక్కండి, ఆదివారం పొద్దున దిగండి, ఆది, సోమ, మంగళవారం రాత్రులుండి బుధవారం మధ్యాహ్నం రైలుకి బయల్దేరండి. సెలవు పెట్టాల్సిన రోజులు ఒకటి పెరుగుతుంది, నిజమే. కానీ ఈ ఒక్క మార్పుతో కలిసొచ్చేది హోటల్లో, ఆటోల్లో ఎంత బేరమాడినా రాదు. ఎందుకో చెప్తాను.

మైసూరుకి శని, ఆదివారాల్లో బెంగళూరు మొత్తం కదిలి వస్తుంది. శుక్ర, శనివారం రాత్రుల్లో హోటల్ గది రేటు ఒకలా ఉంటుంది, ఆదివారం రాత్రి నుంచి ఇంకోలా ఉంటుంది. మీరు బుక్ చేసే సైట్‌లోనే ఒకే హోటల్‌కి శనివారం రాత్రి ఎంత, సోమవారం రాత్రి ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి, మీకే అర్థమవుతుంది. బెంగళూరు వాళ్లు ఆదివారం సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. సరిగ్గా అప్పుడే మీరు ఊళ్లో స్థిరపడతారు. పైగా ప్యాలెస్‌కి పూర్తిగా దీపాలు వెలిగించేది ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాల సాయంత్రాలే. అంటే ఖరీదైన రాత్రి తప్పించుకుంటూనే ఆదివారం దీపాలు చూస్తారు.

రైలు టికెట్ ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే దొరుకుతుంది, మునుపటిలా నాలుగు నెలల ముందు కాదు. తెరుచుకున్న రోజే తీసుకోండి. అత్తయ్యగారికి కింది బెర్త్ రావాలంటే ఆలస్యం చేయకూడదు. దసరా పది రోజుల్లో మాత్రం నేను చెప్పే లెక్కలేవీ పనిచేయవు. అప్పుడు ఊరంతా దీపాలే, గది రేట్లు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి. డబ్బు చూసుకుని వెళ్లేవాళ్లకి దసరా వద్దంటాను.

గది విషయానికొస్తే, ఊరి బయట రింగ్ రోడ్డు దగ్గర తక్కువ రేటుకి కనిపించే రిసార్ట్‌ల జోలికి పోకండి. అక్కడ మిగిలినట్టు కనిపించిన డబ్బు రోజూ రెండు పూటలా కార్లకి పోతుంది. ధన్వంతరి రోడ్డు, గాంధీ స్క్వేర్ చుట్టుపక్కల శుభ్రమైన మధ్యతరగతి హోటళ్లు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి మార్కెట్, సిటీ బస్టాండ్, ప్యాలెస్ నడిచి వెళ్లేంత దూరమే. లిఫ్ట్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, అత్తయ్యగారి కోసం. చెక్‌అవుట్ ఇరవై నాలుగు గంటలదా, మధ్యాహ్నం పన్నెండు గంటలదా అన్నది కూడా అడగండి. పొద్దున్నే దిగేవాళ్లకి ఇరవై నాలుగు గంటల పద్ధతి బాగా కలిసొస్తుంది.

ఇంకో మాట. గదితో పాటు బ్రేక్‌ఫాస్ట్ కలిపి అమ్మే రేటు తీసుకోకండి. వేరే ఊళ్లో అయితే తీసుకోమనేవాణ్ణి. మైసూరులో పొద్దున పూట హోటల్ డైనింగ్ హాల్లో చల్లారిన పూరీ తినడం అంటే ఆ ఊరికి వెళ్లి కూడా వెళ్లనట్టే.

ఆదివారం. పొద్దున దిగి, స్నానాలు చేసి, పడుకోండి. రాత్రంతా రైల్లో వచ్చిన పిల్లల్ని వెంటనే తిప్పితే సాయంత్రానికి దీపాల ముందు నిద్రపోతారు. మధ్యాహ్నం తర్వాత ఓపికుంటే స్టేషన్ దగ్గరే ఉన్న రైలు మ్యూజియానికి వెళ్లండి. 1979లో పెట్టారు. పాత ఇంజన్లు, మహారాణి ప్రయాణించిన పెట్టె ఉన్నాయి. పిల్లలు ఎక్కి దిగి ఆడుకుంటారు, పెద్దవాళ్లు చెట్ల కింద కూర్చోవచ్చు. ఎండ మరీ ఎక్కువగా ఉంటే అది మానేసి సెయింట్ ఫిలోమినా చర్చి చూడండి, ప్రవేశం ఉచితం. ఆదివారం ప్యాలెస్ లోపలికి మాత్రం వెళ్లకండి. క్యూలోనే అత్తయ్యగారి మోకాళ్లు పోతాయి.

సాయంత్రం ఆరున్నరకల్లా ప్యాలెస్ ఆవరణలో ఉండండి. దీపాల కోసం లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. పిల్లల్ని చేతులు పట్టుకుని భవనానికి ఎదురుగా కాస్త వెనక్కి నిలబడండి. ముందుకు తోసుకెళ్లినవాళ్లకి గోపురాలు కనిపించవు. చీకటి పడుతుంటే భవనం బూడిద రంగులోకి తిరుగుతుంది, జనం మాటలు ఇంకా వినిపిస్తూనే ఉంటాయి. ఉన్నట్టుండి దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. జనం నోట 'ఆ' అని ఒకే శబ్దం వస్తుంది, ఆ వెంటనే బ్యాండ్ వినిపిస్తుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ప్రతిసారీ పక్కనున్న పిల్లల మొహాలే చూసేవాణ్ణి. ఇవి ఎల్ఈడీలు కావు, పాతకాలపు పసుపు బల్బులు. ఆ వెలుగులో ఉన్న వెచ్చదనం ఫోటోలో రాదు.

మిగతా రోజుల్లో రాత్రిపూట సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, దానికి టికెట్. దాని చివర్లో కాసేపు దీపాలు వెలిగిస్తారు. ఆదివారం చూసినవాళ్లకి అది అవసరం లేదు. ఐదుగురి టికెట్ డబ్బులు మిగిలినట్టే.

సోమవారం మీ పిల్లలది. ఏడింటికల్లా నజరబాద్‌లో మైలారి దోశ దగ్గర ఉండండి. చిన్న హోటల్, నాలుగైదు బల్లలు, గోడకి పెద్ద అలంకారాలేవీ ఉండవు. దగ్గర దగ్గరలోనే అదే పేరుతో రెండు హోటళ్లున్నాయి, నేను రెండింట్లోనూ తిన్నాను, రెండూ బాగుంటాయి. ఏది అసలుది అన్న గొడవలో మీరు పడకండి. అరిటాకు ముక్క మీద దోశ పెడతారు. మన దగ్గర దోశ అంటే కరకరలాడాలి కదా, ఇది దానికి పూర్తిగా వ్యతిరేకం. వేలితో నొక్కితే దూదిలా లోపలికి పోతుంది, పైన వెన్న ముద్ద కరుగుతూ ఉంటుంది, లోపల పల్చగా సాగు అనే కూర, పక్కన కొబ్బరి చట్నీ. మనిషికి రెండు చాలు అనుకుని కూర్చుంటారు, మూడోది చెప్తారు. ఎనిమిదిన్నర దాటితే బయట నిలబడి వేచి చూడాలి, మధ్యాహ్నం దాటితే దొరక్కపోవచ్చు. అందుకే పొద్దున్నే అంటున్నాను.

అక్కడి నుంచి జూ దగ్గరే, ఎనిమిదిన్నరకి తెరుస్తారు. 1892లో మొదలైన జూ ఇది, దేశంలో పాతవాటిలో ఒకటి. చెట్లు పెద్దవి, దారి పొడవునా నీడ. జంతువులు చురుగ్గా ఉండేది పొద్దున్నే. పదకొండు దాటాక వెళ్తే పులి నీడలో పడుకుని తోక మాత్రం ఊపుతుంది. 2021లో జర్మనీ నుంచి వచ్చిన గొరిల్లాలు ఉన్నాయి, వాటి దగ్గర తీరిగ్గా నిలబడండి. మన దేశంలో ఇంకెక్కడా మీ పిల్లలకి అవి కనిపించవు. లోపల నడక మూడు కిలోమీటర్లకి పైనే. అత్తయ్యగారికి గేటు దగ్గరే బ్యాటరీ బండికి టికెట్ తీసుకోండి, ఈ డబ్బు దగ్గర మాత్రం వెనకాడకండి. ప్లాస్టిక్ కవర్లు లోపలికి రానివ్వరు, కాబట్టి పిల్లల చిరుతిళ్లు స్టీలు డబ్బాలో పెట్టుకోండి. నీళ్ల సీసాలు ఇంటి నుంచే తెచ్చుకుంటే ట్రిప్ మొత్తం కలిసొస్తుంది.

జూ పక్కనే కారంజి చెరువు ఉంది. రెండింటికీ కలిపి టికెట్ ఉంటుంది, అడగండి. కానీ పిల్లలు అప్పటికే అలసిపోతే చెరువు వదిలేయండి. టికెట్ కలిసొస్తోందని ఇంకో గంట ఈడ్చుకెళ్తే సాయంత్రం పాడవుతుంది.

మధ్యాహ్నం గదికెళ్లి పడుకుని, నాలుగు గంటలకి సిటీ బస్టాండ్‌లో 201 నంబరు బస్సెక్కండి. అది చాముండి కొండ పైదాకా వెళ్తుంది. ఆటోవాళ్లు కొండకి రానూపోనూ చెప్పే రేటుకి, ఈ బస్సు ఖర్చుకి పోలికే లేదు. కొండకి మంగళ, శుక్రవారాల్లో భక్తులు ఎక్కువ, ఆషాఢ శుక్రవారాల్లో అయితే పోటెత్తుతారు. సోమవారం సాయంత్రం ప్రశాంతంగా దర్శనం అవుతుంది. పొద్దున పూట వెళ్లేవాళ్లయితే మధ్యాహ్నం దేవస్థానం అన్నదానం కూడా ఉంటుంది.

వెయ్యి మెట్ల గురించి అందరూ చెప్తారు. నా సలహా తిరగేసి ఉంటుంది: ఎక్కకండి, దిగండి. దర్శనం అయ్యాక అత్తయ్యగారిని మీలో ఒకరు బస్సులో కిందికి తీసుకెళ్లండి. రెండోవాళ్లు పిల్లలతో మెట్ల దారి పట్టండి. పైనుంచి దాదాపు మూడు వందల మెట్లు దిగగానే పెద్ద నంది వస్తుంది. 17వ శతాబ్దంలో దొడ్డ దేవరాజ ఒడెయరు కాలంలో చెక్కించింది, ఒకే రాతిలో. దాని మెడలోని గంటల గొలుసుని పిల్లలు లెక్కపెడతారు చూడండి. చీకటి పడకముందే కిందికి చేరేలా బయల్దేరండి, మెట్ల మీద కోతులుంటాయి, చేతిలో కవర్ ఉండకూడదు.

మంగళవారం ఊరి బయటకి. ఈ ట్రిప్‌లో డబ్బు ధారాళంగా పెట్టమని నేను చెప్పేది ఈ ఒక్క రోజే. ఐదుగురికి ఒక కారు మాట్లాడుకోండి. బస్సుల్లోనూ వెళ్లొచ్చు, కానీ సోమనాథపురానికి బస్సులు మారుతూ అత్తయ్యగారితో వెళ్లడం నాకు ఇష్టం లేదు. మాట్లాడుకునేటప్పుడు ఐదు విషయాలు ముందే తేల్చుకోండి: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ ఎవరివి. అవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. మాటల్లో ఒప్పుకున్నది రాత్రి ఎనిమిదింటికి మారిపోతుంది.

మొదట సోమనాథపురం, మైసూరుకి ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరం. 13వ శతాబ్దంలో హొయసల రాజు మూడో నరసింహుడి సేనాని సోమనాథుడు కట్టించిన కేశవాలయం. 2023లో బేలూరు, హళేబీడులతో కలిపి యునెస్కో జాబితాలోకి చేరింది. ఇప్పుడు పూజలు జరగవు కాబట్టి తొందరపెట్టేవాళ్లు ఉండరు. చాలామంది లోపల గర్భగుడులు చూసి పది నిమిషాల్లో వచ్చేస్తారు. మీరు బయట నక్షత్రం ఆకారపు అరుగు మీద చుట్టూ నడవండి. అడుగున ఏనుగుల వరుస, దాని పైన గుర్రాలు, తీగలు, ఆపైన రామాయణ, భారత, భాగవత కథలు. విగ్రహాల పీఠాల దగ్గర కొన్నిచోట్ల చెక్కిన శిల్పి తన పేరు పాత కన్నడ అక్షరాల్లో రాసుకున్నాడు. ఎక్కువగా కనిపించే పేరు మల్లితమ్మ. ఆ అక్షరాలు మన తెలుగుకి దగ్గరి చుట్టాలు. మా మేనల్లుడు, అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు, ఒక పీఠం దగ్గర గొంతుక్కూర్చుని 'ఇది మ కదా' అని వేలితో చూపించాడు. ఆ తర్వాత గంటసేపు వాణ్ణి అక్కడి నుంచి కదిలించలేకపోయాం. మీ పిల్లలకీ ఆ పని అప్పగించండి.

చెప్పులు విప్పాలి, రాయి త్వరగా కాలుతుంది. అందరూ ఒక జత సాక్స్ సంచిలో వేసుకోండి. పురావస్తు శాఖ చేతిలో ఉన్న కట్టడాలకి పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ ఉండదు. సోమనాథపురంలో, ఆ తర్వాత శ్రీరంగపట్నంలో టిప్పు వేసవి భవనం దగ్గర మీరు ముగ్గురికే తీసుకోవాలి. కౌంటర్లో హడావిడిగా ఐదు అని చెప్పేస్తుంటారు.

శ్రీరంగపట్నంలో రంగనాథస్వామి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, ఒంటిగంట లోపు చేరేలా చూసుకోండి. ఆ తర్వాత దరియా దౌలత్ బాగ్. 1784లో టిప్పు కట్టించుకున్న టేకు వేసవి భవనం ఇదే. బయటి గోడల మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం గోడంతా చిత్రించి ఉంటుంది, ఇంగ్లీషు సైన్యం ఓడిపోయిన యుద్ధం అది. బాబు చరిత్ర పాఠంలో చదివిందే ఇక్కడ గోడ మీద కనిపిస్తుంది.

మూడు గంటలప్పుడు రంగనతిట్టు పక్షుల కేంద్రంలో పడవ ఎక్కండి. శ్రీరంగపట్నానికి అతి దగ్గర. కావేరి మధ్య రాళ్ల మీద మొసళ్లు నోళ్లు తెరుచుకుని ఎండ కాగుతుంటాయి, పడవ వాటి పక్క నుంచే వెళ్తుంది. జనవరి నుంచి జూన్ దాకా గూళ్లతో చెట్లు కొమ్మలు కనిపించనంతగా నిండిపోతాయి. వాన ముమ్మరంగా పడి డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే పడవలు ఆపేస్తారు, ఆగస్టు ప్రాంతంలో వెళ్తే బయల్దేరే ముందు కనుక్కోండి.

ఇక బృందావన్ గార్డెన్స్. అందరూ అడిగేది అదే. విశ్వేశ్వరయ్య గారి పేరుతో ముడిపడిన కృష్ణరాజసాగర ఆనకట్ట, దాని కింద తోట, చీకటి పడ్డాక సంగీతంతో ఫౌంటెన్లు. పిల్లలున్నారు, కారు ఉంది, కాబట్టి వెళ్లండి. మంగళవారం కనుక తోపులాట తక్కువ. పెద్దవాళ్లు ఇద్దరే వెళ్తుంటే మాత్రం నేను అది మానేసి రంగనతిట్టులోనే ఇంకో గంట ఉండమంటాను. ఫౌంటెన్ దగ్గరికి చేరాలంటే తోట చివరిదాకా నడవాలి. అత్తయ్యగారిని ముందు భాగంలో బెంచీ మీద కూర్చోబెట్టి ఒకరు తోడుండండి.

బుధవారం పొద్దున పది గంటలకి, తెరవగానే, ప్యాలెస్ లోపలికి. సామాను హోటల్లోనే వదిలి వెళ్లండి. పాత చెక్క ప్యాలెస్ 1897లో పెళ్లి సమయంలో అంటుకుని కాలిపోతే, హెన్రీ ఇర్విన్ గీసిన ప్లాన్‌తో ఇప్పుడున్నది 1912కి పూర్తయింది. కల్యాణ మంటపంలో నిలబడి తల పైకెత్తండి, నెమళ్ల బొమ్మల రంగు అద్దాల కప్పు ఉంటుంది. పొద్దున్నే అయితే ఆ రంగులు కిందిదాకా దిగుతాయి. చుట్టూ గోడల మీద దసరా ఊరేగింపు చిత్రాలున్నాయి, అందులో ఏనుగు మీద కనిపించే బంగారు అంబారీ ఇదే భవనంలో చూస్తారు. గైడ్ కావాలంటే గుర్తింపు కార్డు ఉన్నవాళ్లనే తీసుకోండి, పక్కన ఇంకో తెలుగు కుటుంబం కనిపిస్తే కలిసి మాట్లాడుకోండి, సగం పడుతుంది. మైసూరులో తెలుగువాళ్లు కనిపించని రోజు ఉండదు.

తిండి గురించి ఇంకా చెప్పాలి. బోర్డుల మీద 'ఊట', 'తిండి' అని కనిపిస్తాయి. మన లిపికి దగ్గరగా ఉండటంతో చదివేయగలరు. అయితే కన్నడంలో 'తిండి' అంటే టిఫిన్, 'ఊట' అంటే భోజనం. 'తిండి రెడీ' అని రాసి ఉంటే అన్నం కోసం లోపలికి వెళ్లకండి. నిలబడి తినే దర్శినుల్లో పొద్దున, సాయంత్రం తినండి, వేడిగా, చౌకగా ఉంటుంది. చౌచౌ బాత్ అడిగితే ఒకే ప్లేట్లో సగం ఉప్మా, సగం కేసరి వస్తుంది, పాపకి అది నచ్చుతుంది. కాఫీ 'బై టూ' అని చెప్పి ఒకటి ఇద్దరికి పంచించుకోవడం అక్కడ మామూలు విషయం, మొహమాట పడక్కర్లేదు. సాంబారు తియ్యగా అనిపిస్తుంది, బెల్లం వేస్తారు. ఇష్టం లేకపోతే చట్నీతో తినండి.

దోశ ఇంకో రకం తినాలంటే చాముండిపురంలో జీటీఆర్ హోటల్. రెండో రోజుకి పిల్లలు కారం కావాలని గోల పెడితే గాంధీ స్క్వేర్ దగ్గర ఆర్ఆర్ఆర్ ఉంది, ఆకులో ఆంధ్రా భోజనం పెడతారు. మాంసాహారం తినేవాళ్లయితే హనుమంతు పలావు ఒకసారి రుచి చూడండి, మన బిర్యానీతో పోల్చకుండా తినండి. సాయంత్రం ఆకలికి బండి మీద చురుమురి. మరమరాలు, క్యారెట్ తురుము, ఉల్లి, కొబ్బరినూనె కలిపి పొట్లం కట్టిస్తారు. మైసూర్‌పాక్ కొనాలంటే దేవరాజ మార్కెట్ మూలన సయ్యాజీరావు రోడ్డు మీద గురు స్వీట్స్, చాలా చిన్న కొట్టు. ప్యాలెస్ వంటవాడు కాకాసుర మాదప్ప వంశం వాళ్లది. నిలబడి తినడానికి ఒక్క ముక్క తీసుకుని, నచ్చితేనే ఇంటికి కట్టించుకోండి. అక్కడే మార్కెట్ లోపలికి ఒక చుట్టు తిరగండి. కుంకుమ, పసుపు రంగు పొడుల గుట్టలు, మూరలు కొలిచే మల్లెలు, నంజనగూడు రసబాళె అరటిపళ్లు. పళ్లు దొరికితే వదలకండి, ఇప్పుడు తగ్గిపోయాయి.

ఇప్పుడు డబ్బు ఎక్కువగా పోయే చోటు చెప్తాను, ఎందుకంటే నాకూ అక్కడే పోయింది. మైసూరు వెళ్లిన మొదటి నెలలో మా అమ్మగారిని తీసుకుని ప్యాలెస్ బయట ఆటో ఎక్కాను. చాలా తక్కువకి నాలుగు చోట్లు తిప్పుతానన్నాడు. రెండో చోటే ఒక కొట్టు. పైన 'ప్రభుత్వ' అన్న మాటని పోలిన బోర్డు, లోపల ఏసీ, కాఫీ. అసలు చందన తైలం అని చిన్న సీసా, పట్టు చీర అని ఒక చీర అంటగట్టారు. అమ్మ ముచ్చటపడిందని కొన్నాను. ఇంటికొచ్చాక పోగు కాల్చి చూస్తే ప్లాస్టిక్ వాసన. అమ్మ ఆ చీర ఎప్పుడూ కట్టుకోలేదు. నాకు పోయిన డబ్బు కన్నా అదే బాధ.

కాబట్టి ఆటోవాళ్లు చూపించే ఏ కొట్టుకీ వెళ్లకండి. 'బేడ' అంటే వద్దు అని, గట్టిగా ఒకసారి అంటే చాలు. మైసూర్ సిల్క్ కావాలంటే మానందవాడి రోడ్డులో రాష్ట్ర ప్రభుత్వ పట్టు సంస్థ కేఎస్ఐసీ ఫ్యాక్టరీ దగ్గరున్న షోరూమ్‌కే వెళ్లండి. ప్రతి చీరకి విడి నంబరు, హోలోగ్రామ్ ఉంటాయి, బేరం ఉండదు, మోసమూ ఉండదు. చెక్క బొమ్మలు, గంధపు వస్తువులకి సయ్యాజీరావు రోడ్డులో రాష్ట్ర ప్రభుత్వానిదే కావేరి ఎంపోరియం ఉంది. మైసూర్ శాండల్ సబ్బు మీద ఎమ్మార్పీ ముద్రించి ఉంటుంది, ప్యాలెస్ దగ్గరైనా మీ వీధి చివరైనా అదే ధర. దానికోసం సంచి బరువు పెంచుకోకండి. అసలు గంధపు నూనె చాలా ఖరీదు, వంద, రెండొందలకి సీసా ఇస్తున్నాడంటేనే అది కాదని తెలుసుకోండి.

ఆటోలో ముగ్గురికే చోటు. మీరు ఐదుగురు కనుక ప్రతిసారీ రెండు ఆటోలు అవుతాయి. రెండు ఆటోల డబ్బుకి యాప్‌లో ఒక కారు వస్తుంది, ఎక్కేముందు రెండూ లెక్క చూడండి. స్టేషన్ దగ్గర దిగినప్పుడు మాత్రం ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ వైపు వెళ్లండి. మీరు అడగని ఇంకో విషయం: కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం అన్నది ఆ రాష్ట్రంవాళ్లకే, అక్కడి గుర్తింపు కార్డు ఉండాలి. తెలంగాణ ఆధార్ చూపించి మీరూ అత్తయ్యగారూ కండక్టర్‌తో వాదన పెట్టుకోవద్దు, టికెట్ తీసేసుకోండి.

బుధవారం ప్యాలెస్ నుంచి వచ్చి, భోజనం చేసి, సామాను తీసుకుని స్టేషన్‌కి. రైల్లో రాత్రి భోజనం గురించి టెన్షన్ పడకండి, పొద్దున్నే చపాతీలు కట్టించుకుంటే చాలు. మైసూరు దాటాక మద్దూరు వైపు వచ్చేసరికి 'మద్దూర్ వడే' అని కేకేస్తూ పెట్టెలోకి వస్తారు. అప్పడంలా వెడల్పుగా, ఉల్లిపాయలు కనిపిస్తూ ఉంటుంది. ముందు ఒక్కటి తీసుకుని వేడిగా ఉందో లేదో చూడండి. వేడిగా ఉంటే పది తీసుకోండి, రాత్రికి కూడా మెత్తబడవు.

మీ ప్రయాణం తేదీలు ఖాయమయ్యాక ఏ నెలో రాయండి. వానాకాలమైతే మంగళవారం వరస కాస్త మార్చి చెప్తాను.